సప్పుడు లేని అర్ర

మా ఇంట్లో మోగే వస్తువులన్నీ అత్తగారింటివి, మోగనివన్నీ మా అవ్వ ఇచ్చినవి. ఈ సంగతి పెళ్లయిన కొత్తలో నాకు తెలియదు. నా భార్య కాన్పుకు పుట్టింటికి పోయిన రోజుల్లో, హుస్నాబాద్‌లోని అద్దె ఇంట్లో పాటలు రికార్డు చేద్దామని కూర్చున్నప్పుడు తెలిసింది. తెలిసి ఊరుకున్నా బాగుండేది.

ఎనభైల నడుమ మాట ఇది. అక్కడి హైస్కూల్లో తెలుగు చెప్పేవాణ్ని. ఊళ్లో అప్పటికి స్లాబు ఇళ్లు తక్కువ. అలాంటి ఇల్లు అద్దెకు దొరికిందని నాకు కాస్త గర్వంగానే ఉండేది. గదిని మా వైపు అర్ర అంటాం, అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం. రెండర్రలు, రోడ్డు మీదికి ఒక అరుగు, కింద షాబాదు బండలు, నున్నగా సిమెంటు పూసిన గోడలు. ముందర్ర నిండా పెండ్లి సామాను. పట్టెమంచం, పరుపు, నిలువుటద్దం, ఇనుప బీరువా, గోడ పొడుగునా చెక్క మీద వరసగా స్టీలు డబ్బాలు, బిందెలు, మూలకు ఇత్తడి గంగాళం. నా భార్యవాళ్లది నస్పూర్. వాళ్ల అన్న బొగ్గుబాయిలో పని చేసేవాడు. తండ్రి లేని చెల్లెలి పెండ్లికి ఎవరూ వేలెత్తి చూపకుండా అన్నీ తానే దగ్గరుండి కొన్నాడు. నేను మాత్రం అవన్నీ గోడల్లాగే మొదటి నుంచీ అక్కడ ఉన్నట్టు చూసేవాణ్ని.

పాటల పిచ్చి నాకు ముందు నుంచీ ఉంది. దానికి ఆజ్యం పోసింది మా దోస్తు. బస్టాండు దగ్గర అతనికి రేడియోలు బాగు చేసే దుకాణం ఉండేది. దుబాయిలో ఉన్న అతని అన్న సెలవు మీద వస్తూ రెండు క్యాసెట్లు పట్టే పెద్ద టేప్ రికార్డరు, దానితో పాటు ఒక మైకు తెచ్చాడు. అక్కడ ఒక్కో రూములో పదిమంది ఉంటారట, ఉన్న నాలుగు క్యాసెట్లనే అరిగిపోయేదాకా వింటారట. మన ఆడవాళ్లు నాట్లేస్తూ పాడే పాటలు పంపితే కండ్లకద్దుకుంటారని చెప్పి పోయాడు. ఆ మాట మా ఇద్దరికీ తలకెక్కింది.

పక్క ఊళ్లో పాటకు పేరున్న అక్కాచెల్లెళ్లు ఇద్దరుండేవారు. పొలంలో పాడుతుంటే చెరువు కట్ట మీద పోయేవాళ్లు సైకిలు దిగి నిలబడేవారు. వాళ్లను బతిమాలి ఇంటికి పిలిచాం. మా అర్రలో బండల మీద కూర్చుని పాడారు. మెషీన్ వెనక్కి తిప్పి విన్నాం. ఒక మాట పూర్తి కాకముందే దాని మీద ఇంకో మాట పడుతోంది. నాలుగు గోడలూ తలా ఒకసారి పాడుతున్నట్టుంది. అక్క మూతి మీద కొంగు పెట్టుకుని నవ్వింది.

"సారూ, మేమిద్దరం వాడితె గీ మంది ఎవలు? బాయిల కూసొని వాడినట్టున్నది," అంది.

గుడ్డ చప్పుడును తింటుందని మా దోస్తు ఎక్కడో విన్నాడు. ఆ వారమే ఊరికి పోయి అవ్వ దగ్గరున్న బొంతలు, బాపు గొంగడి మూటగట్టి తెచ్చాను. ఎందుకని అవ్వ అడిగితే చలి పెడుతున్నదన్నాను. ఎండాకాలం ఇంకా పోనే లేదు. అవ్వ ఇంకో బొంత మీద వేసింది. గోడలకు బొంతలు కట్టాం. బండల మీద గోనెసంచులు పరిచాం. పట్టెమంచం మీది పరుపు తీసి కిటికీ పక్క గోడకు నిలబెట్టాం. అప్పుడు పాట కొంచెం నేల మీదికి దిగింది.

అయినా ఒక జీర ఉండిపోయింది. అక్క గొంతు పైకి లేచినప్పుడల్లా దాని వెనక ఎవరో సన్నగా మూలిగినట్టు వినిపించేది. ఆమెను అదే స్వరం పట్టుకుని ఉండమని చెప్పి, నేను అర్రంతా తిరుగుతూ ఒక్కో వస్తువు మీద అరచెయ్యి పెట్టి చూశాను. గంగాళం మోగుతోంది. డబ్బాలు ఒకదానికొకటి తగిలి గునుస్తున్నాయి. అద్దం వెనకున్న రేకు అదురుతోంది. అన్నిటికన్నా బీరువా. తలుపు మీద చెయ్యి పెడితే జ్వరమొచ్చిన పిల్ల ఒళ్లులా సన్నగా వణుకుతోంది. చెయ్యి పెట్టినంతసేపు ఊరుకుని, తీయగానే మళ్లీ మొదలుపెట్టేది.

బీరువా తలుపులు తెరిచి పెడితే మూలుగు తగ్గింది. లోపలున్న చీరలు చప్పుడును మింగేస్తున్నాయి. ఆ సంగతి కనిపెట్టినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను. చీరలన్నీ బయటికి తీసి దండెం మీద వేశాం. దండెం చాలని చోట గోడకు మేకులు కొట్టి తగిలించాం. పట్టుచీర మందంగా ఉంది కదా అని దాన్ని సరిగ్గా మైకు వెనక కొట్టాను. పెండ్లి చీర అన్న ఆలోచన రాలేదని చెప్పను. వచ్చింది. మేకు సన్నదే కదా అనుకున్నాను.

ఇక మిగిలింది ఖాళీ బీరువా. అది ఇప్పుడు మరీ మోగుతోంది. పక్క దుకాణాల నుంచి మనుషుల్ని పిలిచి దాన్ని అరుగు మీదికి మోయించాం. దాని వెంట గంగాళం, డబ్బాలు, బిందెలు, అద్దం, పరుపు లేని మంచం. నాకు పనికొచ్చినవి లోపల, పనికిరానివి వీధిలో. తలుపు వేసి చప్పట్లు కొట్టాను. చప్పుడు చేతుల దగ్గరే పుట్టి చేతుల దగ్గరే ఆగిపోయింది. మా దోస్తు మెషీన్ ఆన్ చేసి, మళ్లీ చప్పట్లు కొట్టించి, మైకు నా ముందు పెట్టాడు.

"అన్నా, ఏదన్న మాట్లాడు. గొంతు ఎట్లొస్తుందో జూద్దాం," అన్నాడు.

ఏదో మాట్లాడాను. అతను ఏదో అడిగాడు, నేను ఏదో చెప్పాను, ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తర్వాత పాట మొదలైంది. ఆ రోజు పాట ఎంత బాగా కుదిరిందంటే, ముందు మాట్లాడిన ముచ్చట నాకు మళ్లీ గుర్తే లేదు.

ఈ సంబరంలో మరచిపోయిన సంగతి ఒకటుంది. నా భార్యకు ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజు తొట్లెలో వేసే నాడు పోయి చూసి వచ్చాను. పిల్లను ఎత్తుకుంటే నా వేలు పట్టుకుంది. ఆ తర్వాత మళ్లీ పోలేదు. నస్పూర్ నుంచి ఎవరైనా వస్తూ కబురు తెస్తే, ఒకసారి పరీక్షలన్నాను, ఒకసారి ఒంట్లో బాగా లేదన్నాను. బిడ్డకు మూడో నెల నిండాక వచ్చి తీసుకుపొమ్మని కబురొస్తే, జర ఆగమన్నాను. వస్తే అర్ర మళ్లీ అర్రలా పెట్టాలి.

మా వైపు పెండ్లి సామాను గడప దాటి బయటికి వచ్చిందంటే దానికి ఒకటే అర్థం. సంసారం తెగింది. ఆడపిల్ల వాళ్లు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చి, అన్నీ ఉన్నాయో లేదో చూసుకుని, బండికెక్కించుకుని పోతారు. అలాంటి పంచాయితీల్లో సారునని నన్ను కూర్చోబెట్టి కాగితం రాయించిన రోజులున్నాయి. ఇంత తెలిసినవాణ్ని, బీరువాను అరుగు మీద పెట్టించి వారం దాటినా ఆ ఆలోచనే రాలేదు. వచ్చేపోయేవాళ్లు ఆగి చూస్తుంటే, నేను రికార్డింగు చేస్తున్న సంగతి ఊరంతా తెలిసిందని మురిసిపోయాను.

వారపు అంగడి రోజున నా భార్య మేనత్త వచ్చింది. ఆమెది హుస్నాబాద్‌కు దగ్గరి పల్లె. అంగడిలో పని చూసుకుని, మేనకోడలి ఇల్లు ఎట్లుందో చూసిపోదామని వచ్చింది. అరుగు మీద సామాను చూసింది. తలుపు గడియ పెట్టి ఉంది. లోపల ఆడవాళ్ల గొంతులు, అదీ పాటలు. "అల్లుడూ" అని పిలిచింది. మెషీన్ తిరుగుతోంది, పాట మంచి చోట ఉంది. నోరు తెరిస్తే అంతా పాడవుతుంది. కిటికీ రెక్క జరంత తీసి చెయ్యి బయట పెట్టి ఊపాను. జర ఆగు అని ఊపాననే నేను అనుకున్నాను. పో పో అని ఎట్లా ఊపానో ఆమె తర్వాత అందరి ముందు చేసి చూపించింది. చూస్తే పో పో అన్నట్టే ఉంది.

పాట అయిపోయి తలుపు తీసేసరికి ఆమె లేదు. అంగడికి పోయి ఉంటుంది, మళ్లీ వస్తుంది అనుకున్నాను. ఆమె నేరుగా కరీంనగర్ బస్సెక్కి, అక్కడ బస్సు మారి నస్పూర్ పోయింది.

ఆ ఆదివారం పొద్దెక్కినాక మా ఇంటి ముందు బొగ్గు లారీ ఒకటి ఆగింది. ఇటుక బట్టీలకు బొగ్గు దింపి పోయేదనుకున్నాను. ముందు నుంచి నా భార్య అన్న, మా బావ దిగాడు. అతని వెనక ఇద్దరు పెద్దమనుషులు, మేనత్త, చివరికి చంకలో బిడ్డతో నా భార్య. బిడ్డకు టోపీ పెట్టి, టవలు చుట్టి ఉంది. అంత దూరం లారీ కుదుపులకు నిద్రపోయి ఉంది. నేను బనీను మీద ఉన్నాను. లోపలికి రమ్మని అనబోయి, ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక ఆగిపోయాను. వాళ్లు అరుగు మీద సామాను నడుమనే నిలబడ్డారు.

బావ బీరువా మీద చెయ్యి పెట్టాడు. రాత్రి కురిసిన జల్లుకు దాని కాళ్ల దగ్గర అప్పుడే తుప్పు పడుతోంది.

"గిదేంది బావా? ఆడివిల్ల వుట్టిందని సామాను బయట వెట్టినవా?" అని మెల్లగా అడిగాడు. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ని. మెల్లగా అడిగేసరికి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది.

"అయ్యో, కాదు బావా. గిది రికార్డింగు కోసం. బీరువ మోగుతది, పాట ఖరాబైతది. గంతే," అన్నాను.

"బీరువ మోగుతదా?" అన్నాడు ఒక పెద్దమనిషి. ఇంకో ఆయన వేలు మడిచి బీరువాను కొట్టి చూసి, నా ముఖం చూశాడు. పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. మేనత్త నా చెయ్యి ఊపుడు చేసి చూపించింది. "లోపట ఆడోళ్లు వాడుతుండ్రు, నన్ను గట్ల వొమ్మన్నడు," అంది. వీధిలో మనుషులు పోగయ్యారు. వాళ్లలో నా దగ్గర చదివే పిల్లల తల్లిదండ్రులు ఉన్నారు. నా భార్య మాత్రం నన్ను చూడటం లేదు. తెరిచిన తలుపులోంచి లోపలి గోడను చూస్తోంది. ఆ గోడ మీద ఆమె పట్టుచీర ఉంది.

ఒక్కటే దారి కనిపించింది. అందరినీ లోపలికి పిలిచి గోనెసంచుల మీద కూర్చోబెట్టాను. బొంతలు, గొంగడి, పరుపు చూపించి ఏది ఎందుకో చెప్పాను. పాఠం చెప్పినట్టే చెప్పాను. వాళ్లకు నమ్మకం కుదరలేదు. అప్పుడు, మీరే వినండి, సామాను ఎందుకు తీశామో అందులోనే ఉన్నది అని క్యాసెట్ మొదటికి తిప్పి పెట్టాను. సాక్ష్యం దొరికిందని నాకు ధైర్యం కూడా వచ్చింది.

ముందు చప్పట్లు వినిపించాయి. ఆ తర్వాత మా దోస్తు గొంతు, ఏదన్న మాట్లాడమని. అప్పుడు గానీ నాకు గుర్తు రాలేదు. లేచి ఆపబోయాను. మా బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనీ బావా. ఇనమన్నది నువ్వేనాయె," అన్నాడు.

నా గొంతు నా ముందే కూర్చుని మాట్లాడుతున్నంత స్పష్టంగా వచ్చింది. ఏ గోడా దాన్ని మసక చేయలేదు. "గా పెండ్లి సామాను వచ్చినకాన్నుంచి ఇంట్ల ఒకటే లొల్లి. ఇయ్యాల అంత బయట వడ్డది, ఇల్లు ఇల్లు లెక్కున్నది." ఇద్దరి నవ్వు. మా దోస్తు అడిగాడు: "వదినె ఎప్పుడొస్తది? పాపను సూడవోవా?" నేను: "పోతె తోల్కరావాలె. పసిపోరి వచ్చిందంటె ఇగ రికార్డింగు బందే, రాత్రింబవలు లొల్లి. ఇంకో రెండు నెలలు ఆడ్నే ఉంటె నాకు ఫికర్ లేదు." మళ్లీ నవ్వు. నా నవ్వు అంత వికారంగా ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు. దాని వెంటనే అక్కాచెల్లెళ్ల పాట అందుకుంది. అద్భుతంగా ఉంది. పాట ముగిసేదాకా అందరం తలలు వంచుకుని కూర్చున్నాం.

తప్పుడు నింద మోసిన మనిషిలా వాళ్లను లోపలికి పిలిచాను. నింద పోయింది. అంతకన్నా చిన్నదీ, నిజమైనదీ నా గొంతుతోనే అందరి ముందు పడింది. ఆడపిల్ల పుట్టిందని సామాను బయట పెట్టినవాడు కనీసం కోపం ఉన్నవాడు. నాకు కోపం కూడా లేదు. పెళ్లాం, బిడ్డ కొన్నాళ్లు లేకపోతే బాగుంటుందనుకున్నాను, అంతే.

పెద్దమనుషులకు మాత్రం పని సులువైంది. "సంసారం తెంపుకునే ముచ్చటైతె లేదు. మొగోడు, ఏదో మాటవరుసకు అన్నడు. సామాను లోపట వెట్టుకోండ్రి, పిల్ల ఇల్లు పిల్ల జూసుకుంటది," అని ఒకాయన లేచాడు. బావ నా వైపు చూడకుండా చెల్లెల్ని అడిగాడు.

"ఏమంటవు బిడ్డా? వస్తె తోల్కపోత. నీ ఇష్టం."

నా భార్య బిడ్డను మేనత్త ఒళ్లో పెట్టింది. గోడ దగ్గరికి పోయి మేకులు ఒక్కొక్కటి ఊడబీకింది. గోళ్లతోనే తీసింది, నేను పట్కారు ఇవ్వబోతే తీసుకోలేదు. పట్టుచీర అంచు దగ్గర పడ్డ బొక్కలో చిటికెన వేలు పెట్టి చూసి, చీర మడత పెట్టింది. అన్నీ మడత పెట్టి అన్న చేతికిచ్చింది.

"సామాను తీస్కపో అన్నా. బీరువ, మంచం, పరుపు, గిన్నెలు, అన్ని. లొల్లి జేసేటియి ఏయీ ఇంట్ల వద్దు. నేనుంట," అంది.

"మరి పాప?"

"దీని లొల్లి నేను జూసుకుంట."

బావ చీరలు తీసుకుపోయి లారీ ముందు సీట్లో పెట్టాడు. చెల్లెలు మాట మార్చే మనిషి కాదని అతనికి తెలుసు. సామాను లారీ ఎక్కింది. వీధి వీధంతా చూస్తుండగా బొగ్గు మసి మీద ఆ అద్దం, ఆ గంగాళం. నేను బీరువాకు ఒక పక్క చెయ్యి వేయబోతే బావ "వద్దు బావా, మేం మోస్తం" అన్నాడు. బావా అనడం మాత్రం మానలేదు. అది నన్ను ఇంకా చిన్నబుచ్చింది.

మర్నాడు ఆమె గోడల మీది బొంతలు దించి, దులిపి, ఎండకేసింది. పడుకోవడానికి ఇంట్లో ఇక అవే ఉన్నాయి. అర్ర మళ్లీ ఖాళీ సిమెంటు గోడలైంది. చెంబు పెడితే మోగేది, దగ్గితే మోగేది. ఆమె నాతో మాట్లాడటం మానలేదు. నీళ్లు తోడాననీ, అన్నం పెట్టాననీ చెప్పేది. ఆ కొంచెమే నాకు రెండుసార్లు వినిపించేది.

బిడ్డ ఏడిస్తే ఆ అర్రలో ఎంత చప్పుడో చెప్పలేను. మొదటిసారి ఏడ్చినప్పుడు నేను పిల్లల కాగితాలు దిద్దుతున్నాను. నా భార్య చప్పున లేచి దాన్ని భుజాన వేసుకుని అరుగు మీదికి పోయింది. "ఊకో బిడ్డా ఊకో, మీ బాపు రికార్డు జేస్తుండు," అని జోకొడుతోంది. మెషీన్ మూలకు బందయి ఉంది. అది బందే ఉందని లోపలి నుంచే చెప్పాను. ఆమె బిడ్డ ఊరుకునేదాకా బయటే తిరిగింది. ఎత్తిపొడుపు అనుకున్నాను. రెండు రోజులకు పోతుందనుకున్నాను. పోలేదు. ముసురు పట్టినా, ఎండ మండుతున్నా, బిడ్డ గొంతు లేవగానే ఆమె గడప దాటేది.

ఒకరోజు నేనే బిడ్డను ఎత్తుకున్నాను, లోపలే ఊరుకోబెడదామని. నాకు ఊకబెట్టడం రాదు. నా చేతుల్లో అది ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆమె వచ్చి తీసుకుని బయటికి పోయింది.

మా దోస్తు ఆ ముచ్చటంతా చెరిపేసి, పాటలు మాత్రం క్యాసెట్లకు ఎక్కించి దుబాయికి పంపాడు. చెవిలో పాడినట్టున్నదని వాళ్లంతా మెచ్చుకున్నారట, ఇంకో క్యాసెట్ కావాలన్నారట. అతను ఆ సంగతి చెప్పడానికి వచ్చిన రోజే టేప్ రికార్డరు, మైకు, వైర్లు అన్నీ అతని సైకిలు మీద కట్టి పంపేశాను. నా భార్య వాకిట్లో బట్టలారేస్తూ చూసింది.

ఆ మధ్యాహ్నం చినుకులు పడుతున్నాయి. బిడ్డ లేచి ఏడ్చింది. ఆమె ఎప్పటిలాగే దాని తల మీద కొంగు కప్పి అరుగు మీదికి పోయింది. నేను వెనకే పోయి గడపలో నిలబడ్డాను.

"లోపటికి రా. మిషిని ఇంట్ల లేదు, నువ్వు జూసినవు గద. ఇగ రాదు గూడ. నాది తప్పయింది," అన్నాను.

ఆమె బిడ్డ వీపు తడుతూనే ఉంది.

"జూసిన," అంది. "అయినా దీనికి బయటనే ఏడ్సుడు ఇప్పటినుంచే అలవాటు గావాలె గద."

అని అరుగు ఆ చివరికి నడిచింది.